ముక్కల మాస్కు, మూడున్నర రూపాయల కూలి



సంత మళ్లీ మొదలైన వారం, జూన్ నెల. కొండ మీది ఊరి నుంచి ఒక పెద్దాయన కావడిలో ఇప్ప గింజలు వేసుకుని దిగాడు. సంత మొదట్లోనే ఆపారు. "ఏయ్, మాస్కు ఏది?" ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకీ మూతికీ చుట్టుకున్నాడు. "అది కాదు. మాస్కు కావాలి" అన్నారు. పక్కనే బల్ల మీద మాస్కులు అమ్ముతున్నారు, ఒక్కోటి 30 రూపాయలు. ఆయన దగ్గర డబ్బుల్లేవు. గింజలు అమ్మితే కదా డబ్బులు, లోపలికి పోతే కదా అమ్మేది! చివరికి మా తమ్ముడొకడు జేబులో ఉన్న ఉతికిన మాస్కు తీసి ఇస్తే అది కట్టుకుని లోపలికి పోయాడు.

నేను అక్కడే ఉన్నా. నోరు తెరవడానికి కాస్త ఆలస్యం చేశా. డిగ్రీ చదివినవాడిని, కాగితాలు చదివినవాడిని, చెప్పాల్సింది తెలిసినవాడిని. అయినా ఆ రెండు నిమిషాలు నిలబడి చూశా. అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అందుకే ఇది రాస్తున్నా.

అప్పుడు చెప్పాల్సింది ఇది. ఏప్రిల్ మొదటి వారంలోనే కేంద్ర ఆరోగ్య శాఖ, మామూలు జనం ఇంట్లో గుడ్డతో చేసుకున్నది కట్టుకోవచ్చు, కొనే మాస్కులు ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకి వదిలేయండి అని చెప్పింది. ఏప్రిల్ 14న ప్రధానమంత్రి టీవీలో కనపడ్డప్పుడు ముక్కుకి చుట్టుకుంది ఏంటి? గమ్ఛా. అంటే తువ్వాలే. ఢిల్లీలో తువ్వాలు కట్టుకుంటే ఆదర్శం, మన సంతలో కట్టుకుంటే తప్పా? ఇంకోటి. మార్చిలోనే కేంద్రం మూడు పొరల సర్జికల్ మాస్కు 10 రూపాయలకి మించి అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ బల్ల మీద ఉన్నది ఒక్క పొర గుడ్డ. దానికి 30.

పక్కన తెలంగాణలో 2020 మే నెల నుంచి మాస్కు లేకుండా బయట కనపడితే 1000 రూపాయల జరిమానా వేసేవాళ్లు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రెండు రాష్ట్రాల్లోనూ రోజుకి 237 ఉండేది. నాలుగు రోజులు మట్టి తవ్వినా ఆ జరిమానా తీరేది కాదు. మాస్కు వద్దని నేను అనట్లేదు, తప్పుగా అర్థం చేసుకోవద్దు. మాస్కు కావాలి. ఊరి నుంచి పీహెచ్‌సీకి రోడ్డు లేనివాళ్లం, ఊపిరి అందకపోతే ఆక్సిజన్ కోసం ఏరు దాటాల్సినవాళ్లం మనం. మాస్కు పట్టణంలో వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం. నా పేచీ అది ఎవరు కుడతారు, ఏ గుడ్డతో కుడతారు, ఎంత కూలికి కుడతారు, ఎవరికి అందుతుంది అన్న దగ్గరే.

మార్చి నెలాఖరులో మీ ఫోన్లలోకి కూడా ఒక ఫొటో వచ్చే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లాలో మనవాళ్లు ఆకులతో మాస్కులు చేసుకుని కట్టుకున్నారు. చాలామంది "ఆదివాసీల తెలివి చూడండి" అని పంచుకున్నారు. నేనూ పంచుకున్నా. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు ఆకు కట్టుకుంది అందం కోసం కాదు, ఊళ్లో గుడ్డ మాస్కు దొరక్క. సాయంత్రానికి ఆకు వాడిపోతుంది, మర్నాడు మళ్లీ కొత్తది కావాలి. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ "వీళ్లకి మాస్కులు ఎందుకు అందలేదు?" అని అడగలేదు. నేనూ అడగలేదు.

మా ఊళ్లో పని ఎలా మొదలైందో చెప్తా. మా మేనత్త ఇంట్లో కుట్టు మిషన్ ఒకటి గోనె సంచి కప్పుకుని ఆరేళ్లుగా మూలన ఉంది. మీ ఊళ్లో కూడా ఉంటుంది చూడండి. ట్రైనింగ్ ఇచ్చారు, మిషన్ ఇచ్చారు, ఫొటో తీశారు. పని మాత్రం ఇవ్వలేదు. లాక్‌డౌన్‌లో సంతలు ఆగిపోయి, చేతిలో పైసా ఆడక కూర్చున్న రోజుల్లో అత్త ఆ సంచి తీసింది. నూనె వేసింది, బెల్టు బదులు సైకిల్ ట్యూబు కోసి బిగించింది. గుడ్డ ఎక్కడిది? కొట్లు మూసేశారు. మండలంలో జాకెట్లు కుట్టే అక్క దగ్గర కత్తిరింపుల మూట ఉంటే అడిగి తెచ్చాం. చంక దగ్గర కోసిన మూలలు, చేతుల దగ్గర మిగిలిన పట్టీలు, లైనింగ్ గుడ్డ ముక్కలు. దానికి తోడు ఇంట్లో పాత నేత చీర, చిరిగిన లుంగీ, తమ్ముడికి పొట్టైపోయిన ఆశ్రమ పాఠశాల యూనిఫాం.

మొదటి విడత మొత్తం పాడుచేశాం. గుడ్డ ఉతక్కుండా కుట్టాం. ఒక్కసారి ఉతకగానే కుంచించుకుపోయి పెద్దవాళ్ల మాస్కు పిల్లల మాస్కు అయింది. ఎర్ర జాకెట్ ముక్క రంగు వదిలి మా బాబాయి మూతి, మీసం ఎర్రగా చేసింది. ఊరంతా నవ్వింది, ఆయన మాత్రం వారం రోజులు మాతో మాట్లాడలేదు. ముక్కు దగ్గర బిగుతుగా ఉండాలని కరెంటు వైరులోని రాగి తీగ పెట్టాం. రెండో ఉతుకుకి అది గుడ్డలోంచి పొడుచుకొచ్చింది. తీగ ఆలోచన అక్కడితో మానేశాం. అందుకే ఇప్పుడు నేను చెప్పేది పుస్తకం చూసి చెప్పట్లేదు.

ముందు గుడ్డని ఉప్పు వేసిన నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించండి, ఎండలో ఆరబెట్టండి. కుంచించుకునేదీ రంగు పోయేదీ అప్పుడే పోతుంది. గుడ్డ ఎంపికకి పరీక్ష సులువు. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే నేత కళ్లు జల్లెడలా కనపడితే అది పనికిరాదు. చాలాసార్లు ఉతికి పల్చబడిన పాత చీర మెత్తగా ఉంటుంది కానీ పైట కొంగు వైపు, అంచు దగ్గర మాత్రమే గట్టిగా ఉంటుంది. అక్కడ కోయండి. కుట్టాక అగ్గిపుల్ల వెలిగించి, మాస్కు కట్టుకుని ఊదండి. ఆరిపోతే పొరలు చాలలేదన్నట్టు.

పొరలు మూడు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న చెప్పింది కూడా ఇదే. లోపల మూతికి తగిలేది తడి పీల్చే నూలు గుడ్డ, బయటిది తడి పట్టని గుడ్డ, మధ్యలో ఇంకోటి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆశ్రమ పాఠశాల యూనిఫాం గుడ్డ టెరీకాటన్, ఎండాకాలం దాన్ని వేసుకుని చెమటకి ఎంత తిట్టుకున్నామో! నీటి చుక్క వేస్తే వెంటనే పీల్చుకోదు. అదే ఇప్పుడు బయటి పొరకి పనికొచ్చింది. బయట యూనిఫాం, లోపల లైనింగ్ గుడ్డ లేదా పాత పంచె. రెండూ వేరే రంగులు అయితే ఏది లోపలో ఏది బయటో చీకట్లో కూడా తెలుస్తుంది. చిన్న ముక్కలు అతికిన గుడ్డ ఉంటే మధ్య పొరలో వేయండి. అతుకు దగ్గర సూది చిల్లులు ఉంటాయి కాబట్టి అది పైకి రాకూడదు.

కొలత విషయానికొస్తే, పెద్దవాళ్లకి పది అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు కోస్తే మడత కుట్లకి పోను తొమ్మిది, ఏడు మిగులుతుంది. వెడల్పులో మూడు కుచ్చిళ్లు పెట్టి పక్కలు కుట్టేస్తే ముక్కు పైనుంచి గడ్డం కింది దాకా విచ్చుకుంటుంది. కుచ్చిళ్లు కింది వైపుకి తిరగాలి, లేకపోతే దుమ్ము వాటిలోనే నిలుస్తుంది. ఎలాస్టిక్ కోసం వెతక్కండి. లంగా బొందు లాంటి పట్టీలు నాలుగు కుట్టి తల వెనక కట్టుకునేలా చేయండి. మన అవ్వలకి చెవుల నిండా పోగులు ఉంటాయి. చెవికి తగిలించే మాస్కు పోగులకి చిక్కుకుని చెవి తెగినంత పని అవుతుంది. ఈ మాట మాకు ఏ పోస్టర్లోనూ దొరకలేదు, ఒక అవ్వ తిట్టి చెప్పింది. మిషన్ లేనివాళ్లు చేత్తో దగ్గర దగ్గరగా టాకాలు వేసినా చాలు. మనిషికి రెండు ఉండాలి, ఒకటి ఉతుక్కి, ఒకటి మూతికి. సబ్బుతో ఉతకాలి, ఎండలో ఆరేయాలి. తడిసిన మాస్కు కట్టుకోవద్దు, వానల్లో ఇది మర్చిపోతాం. రెండేళ్ల లోపు పిల్లలకి కట్టొద్దు. ఆయాసం ఉన్నవాళ్లకి బలవంతంగా కట్టొద్దు.

కుట్టడం ఒక ఎత్తు, కట్టించడం ఇంకో ఎత్తు. ఊరి పెద్దొకాయన మాస్కు చూడగానే "నన్ను ఎద్దుని చేస్తున్నావా, చిక్కం కడతావా?" అన్నాడు. నూర్పిళ్లప్పుడు గింజ తినకుండా ఎడ్ల మూతికి కట్టే చిక్కం గుర్తొచ్చింది ఆయనకి. నేను వైరస్ గురించి పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టా. అత్త నన్ను ఆపింది. "మామా, మిరపకాయలు కోయడానికి పోయినప్పుడు ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకోలేదా? అప్పుడు చిక్కం అనలేదే!" అంది. ఆయన కట్టుకున్నాడు. మొత్తం కోయ మాటలోనే జరిగింది ఈ సంభాషణ. మైకులో తెలుగు రికార్డు వేసుకుని ఆటో తిరిగిన రెండు వారాల్లో జరగని పని అది. గోదావరి, శబరి ఒడ్డున మిరప చేలకి పోయిన ప్రతి ఆడమనిషికీ మూతికి గుడ్డ కట్టడం తెలుసు. మనకి కొత్తగా నేర్పింది ఎవరూ లేరు. ఎందుకు కట్టుకోవాలో మన మాటలో చెప్పేవాళ్లు లేరు, అంతే.

ఇక డబ్బుల సంగతి. ఏప్రిల్ 12న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున మాస్కులు ఇస్తామని ప్రకటించింది. 5.3 కోట్ల మందికి 16 కోట్ల మాస్కులు. మహిళా సంఘాల వాళ్లతో కుట్టిస్తామన్నారు. మంచి నిర్ణయం, ఆ మాట ఒప్పుకోవాలి. మా దగ్గర అక్కలకి కూడా పని వచ్చింది. మాస్కుకి మూడున్నర రూపాయలు అని చెప్పారు. కత్తిరించిన గుడ్డ వాళ్లది. దారం, సూది, నూనె, కరెంటు లేనప్పుడు దీపం మన అక్కలవి. అప్పటి ఉపాధి హామీ కూలి 237 రూపాయలు రావాలంటే మూడున్నర చొప్పున 68 మాస్కులు కుట్టాలి. కాలుతో తొక్కే మిషన్ మీద, కుచ్చిళ్లు పెట్టి, నాలుగు బొందులు కుట్టి, మధ్యలో వంట చేసి, నీళ్లు తెచ్చి, పిల్లల్ని చూసుకుని, మా అత్త ఎంత కష్టపడ్డా రోజుకి 40 దాటలేదు. అంటే 140 రూపాయలు. ఆ డబ్బులు కూడా ఇంకా అందరికీ పడలేదు. అడిగితే బిల్లు పైకి పంపాం అంటున్నారు. మట్టి పనికి ఉన్న కనీస కూలి కుట్టు పనికి ఎందుకు లేదు? ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టా?

ఇది ప్రభుత్వాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటే నేను అబద్ధం ఆడినట్టే. మన సంఘం సంగతి చూద్దాం. మే నెలలో మేం కుర్రాళ్లం ఏడు ఊళ్లు తిరిగి మాస్కులు పంచాం. ఫొటోలు పెట్టాం, జెండా కనపడేలా. మీరందరూ మెచ్చుకున్నారు, అన్నలు ఫోన్ చేసి శెభాష్ అన్నారు. ఆ ఫొటోల్లో కుట్టినవాళ్లు ఒక్కరూ లేరు. మా అత్త, ఇంకో నలుగురు అక్కలు పైసా తీసుకోకుండా కుట్టారు. "మన జనానికే కదా" అన్నారు. ఆ మాట వాళ్లు అనొచ్చు. అది విని మేం ఊరుకోకూడదు. ప్రభుత్వం మూడున్నర ఇచ్చింది, ఆలస్యంగా ఇచ్చింది. మేం సున్నా ఇచ్చాం, వెంటనే ఇచ్చాం. ఈ లెక్క మొన్న మీటింగులో నేను చెప్తే కొంతమందికి కోపం వచ్చింది, ఉద్యమంలో కూలి లెక్క ఏంటని. కూలి లెక్క లేని ఉద్యమం ఏంటో నాకు అర్థం కాలేదు. చివరికి ఒప్పుకున్నది ఇది. ఇకనుంచి చందా వస్తే ముందు దారం, ఆ తర్వాత కుట్టినవాళ్ల కూలి, పెట్రోలు ఖర్చు ఆఖర్న.

ఇంకొక మాట, ఇది చెప్పడం నాకు కష్టం. మనిషికి మూడు మాస్కులు అంటే ముందు ఆ మనిషి లెక్కలో ఉండాలి. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో అడవిలో ఒక గుంపు ఉంది. సరిహద్దు అవతల నుంచి వచ్చిన మనవాళ్లే, గుత్తికోయలని పిలుస్తారు. రేషన్ కార్డు లేదు, ఇంటి నంబరు లేదు. ఇంటింటి లెక్క వాళ్ల దాకా పోలేదు, మాస్కూ పోలేదు. మేం పోయినప్పుడు వాళ్లు అడిగింది మాస్కు కాదు, బియ్యం. ఏప్రిల్‌లో ములుగు జిల్లాకి మిరప కోతకి కూలికొచ్చిన పన్నెండేళ్ల బీజాపూర్ పాప, లాక్‌డౌన్‌లో బండ్లు లేక అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు దగ్గర పడిందనగా 18వ తేదీన చనిపోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఆ పాప మూతికి మూడు పొరల మాస్కు కట్టి ఉన్నా ఆగేది కాదు ఆ చావు. గుంపులోని వాళ్లు బియ్యం గురించి అడుగుతుంటే నాకు ఆ పాపే గుర్తొచ్చింది. మాస్కుల సంచి పట్టుకుని వాళ్ల ముందు నిలబడడానికి సిగ్గేసింది. తర్వాతి వారం బియ్యం, ఉప్పు, మాస్కులు కలిపి తీసుకుపోయాం. అప్పుడు తీసుకున్నారు.

అందుకే గ్రామసభల్లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పీసా కింద మనకి గ్రామసభ ఉందన్న సంగతి మాస్కుల విషయంలో కూడా గుర్తుపెట్టుకోండి. సంతలో తువ్వాలు కట్టుకున్న మనిషిని ఆపకూడదని తీర్మానం రాయండి. ఆపినచోట మాస్కు లేనివాళ్లకి ఒకటి ఇచ్చి లోపలికి పంపే బల్ల పెట్టమనండి, అమ్మే బల్ల కాదు. కుట్టు కూలి ఉపాధి హామీ రోజు కూలికి తగ్గకుండా కట్టాలని రాయండి. అలాగే ఆశ్రమ పాఠశాలలు తెరిచినప్పుడు మన పిల్లల యూనిఫాంలు ఎవరు కుడతారో ఇప్పుడే అడగండి. మీ ఊళ్లో గోనె సంచి కింద ఎన్ని మిషన్లు ఉన్నాయో లెక్కపెట్టి ఆ కాగితానికి జత చేయండి. కార్డు లేని గుంపుల పేర్లు కూడా. జ్వరాల కాలం మొదలైంది. 2020లో మలేరియానో కరోనానో తెలియక, క్వారంటైన్‌లో పడేస్తారని భయపడి జ్వరం దాచుకున్నారు. ఆ భయం పోవాలంటే రక్తపరీక్ష ఊళ్లోనే జరగాలి. మాస్కు కట్టుకున్నాం కదా అని ఆ డిమాండ్ వదిలేయకండి.

మీలో కొంతమంది ఏం పంపాలని అడుగుతున్నారు. రెడీమేడ్ మాస్కులు వద్దు. పట్టణంలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వీధిలో టైలర్ దగ్గరికి పోయి కత్తిరింపులు ఊడ్చి పారేసే ముందు అడగండి. నూలు, లైనింగ్, పాప్లిన్ ముక్కలు అరచేయి కంటే పెద్దవైతే చాలు. సిల్కు, నెట్టు, చీరకి వేసే ఫాల్ ముక్కలు వద్దు. పంపేటప్పుడు రంగుల వారీగా కట్టక్కర్లేదు, నూలు ఒక సంచి, టెరీకాటన్ ఒక సంచి చేస్తే అక్కలకి సగం పని తగ్గుతుంది. దారం పంపేవాళ్లు ముదురు రంగులు పంపండి. పోయినసారి అందరూ తెల్ల కండెలే పంపారు. ఇంకా పదకొండు అలాగే ఉన్నాయి.